మరో వైద్యుణ్ణి అడగడం తవక్కుల్‌కు విరుద్ధమా?

కొన్నేళ్ల క్రితం వనపర్తి దగ్గరి ఒక పల్లెలో జుమా నమాజ్ ముగిశాక ఒక పెద్దాయన వచ్చి మా పక్కన కూర్చున్నారు. చుట్టుపక్కల వాళ్లు లేచి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, "మౌలానా, ఇంట్లోవాళ్ల తరఫున ఒక మస్‌అలా అడగాలి" అన్నారు. ఆయన భార్యకు యాభై రెండేళ్లు. నెలసరి ఆగిపోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు మళ్లీ రక్తం కనబడుతోంది. ఇరవై రోజులైనా ఆగలేదు. నమాజ్ చదవాలా, మానాలా?

మద్రసాలో చదువుకున్నది చదువుకున్నట్టే చెప్పాము. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్‌కు గరిష్ఠ గడువు పది రోజులు. రక్తం పది రోజులు దాటిపోతే, పూర్వం ఆమెకు అలవాటుగా ఉన్న రోజులే హైజ్‌గా లెక్క, మిగిలినదంతా ఇస్తిహాజా. అలవాటు రోజులు గడిచాక గుస్ల్ చేసి, ప్రతి నమాజ్ వేళకూ కొత్తగా వుజూ చేసుకుని నమాజ్ చదవాలి, రోజా కూడా ఉండాలి. ఆయన దుఆ చేసి సంతోషంగా వెళ్లిపోయారు. ఇంటికి వెళ్లాక మేము కితాబు తిప్పి మరోసారి చూసుకున్నాము. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

ఎనిమిది నెలల తరువాత ఆయన మళ్లీ కనిపించారు. భార్యను హైదరాబాదులో రెడ్‌హిల్స్ దగ్గరి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో చేర్పించారట. గర్భసంచిలో మొదలైన రోగం బయటికి కూడా పాకిందట. "మీరు చెప్పినట్టే చేసింది మౌలానా, ఒక్క నమాజ్ తప్పలేదు" అన్నారు. ఆ మాట ఆయన కృతజ్ఞతతోనే అన్నారు. మాకు మాత్రం తలెత్తి ఆయన ముఖం చూడడం కష్టమైంది. ఎందుకంటే ఆ రోజు మేము అడగవలసిన ఒక ప్రశ్న అడగలేదు: డాక్టరుకు చూపించారా?

పాఠకులారా! ఇస్తిహాజా అనే పదాన్ని మనం ఎన్నోసార్లు విని ఉంటాము. దాని మూలం ఏమిటో చూడండి. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి వచ్చి, తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజ్ వదిలేయాలా అని అడిగారు. అది హైజ్ కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని ఆయన (స) వివరించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. మన ఫుఖహా కూడా ఈ రక్తాన్ని రోగం వల్ల వచ్చే రక్తంగానే లెక్కించారు. అంటే, ఒక ఆలిమ్ 'ఇది ఇస్తిహాజా' అని చెప్పిన క్షణంలోనే 'ఇది మామూలు కాదు, శరీరంలో ఏదో తేడా ఉంది' అని కూడా చెప్పినట్టయింది. మేము ఆ పదంలోని నమాజ్ సంగతి చెప్పి, రోగం సంగతి వదిలేశాము. ప్రతి ఇస్తిహాజా వెనుకా పెద్ద రోగమే ఉంటుందని కాదు. హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల రావచ్చు, గడ్డల వల్ల రావచ్చు, థైరాయిడ్ వల్ల కూడా రావచ్చు. ఏది ఎందువల్లో తేల్చే విద్య మాది కాదు, వైద్యులది.

ముఖ్యంగా నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన స్త్రీకి ఒక్క మరక కనబడినా, నొప్పి ఉన్నా లేకున్నా, వెంటనే చూపించాలని వైద్యులు చెబుతారు. అలా కనబడిన వారిలో ఎక్కువ మందికి క్యాన్సర్ ఉండదు. సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. కాని గర్భసంచి లోపొరకు క్యాన్సర్ వచ్చినవారిని తీసుకుంటే, పదిమందిలో తొమ్మిదిమందికి ఆ మరకే ముందస్తు సూచన. ఈ రోగం తొందరగా తెలిస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. సంసారం తరువాత రక్తం కనబడడం, దుర్వాసనతో నీళ్లలా కారడం కూడా అశ్రద్ధ చేయకూడని లక్షణాలే. వీటిని 'ముట్లుడిగే వయసులో అందరికీ ఉండేదేలే' అని అత్తగారో వదినగారో కొట్టిపారేస్తుంటారు. వాళ్లకు దురుద్దేశం ఉండదు, వాళ్లకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

ఇది ఒకవైపు. రెండో వైపు కూడా మన జిల్లాలోనే చూశాము.

గద్వాల ప్రాంతానికి చెందిన ఒక చెల్లెలికి అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు, ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరి కాస్త ముందువెనుకలు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో స్కానింగ్ తీసి, గర్భసంచి వాచింది, చిన్న గడ్డ కూడా ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది అన్నారట. సోమవారం ఆపరేషన్‌కు రమ్మన్నారు. భర్త హైదరాబాదులో పనిలో ఉన్నాడు. మామగారు గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధమయ్యారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఆ సంచితో పనేముంది అని ఇంటి పెద్దలంతా ఒక్క మాట మీదికి వచ్చారు. ఆ అమ్మాయి అన్న మాత్రం ఒప్పుకోక, ఆదివారం కాకుండానే ఆమెను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం నుంచి నమూనా తీసి పంపి, ఇన్ఫెక్షన్‌కు మందులు రాసిచ్చింది. గడ్డ చిన్నది, బాధ పెట్టనంతకాలం దాన్ని ముట్టుకోనక్కరలేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు అంది. నమూనా ఫలితం మామూలుగానే వచ్చింది. అలాంటి గడ్డ క్యాన్సర్‌గా ఉండడం బహు అరుదని కూడా చెప్పింది. ఆ గాజులు ఇంట్లోనే ఉన్నాయి.

ఇది ఒక్క ఇంటి కథ అయితే పత్రికలో రాయవలసిన పని లేదు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది నూటికి దాదాపు తొమ్మిది, తెలంగాణలో దాదాపు ఎనిమిది. అంటే మన తెలుగు స్త్రీలకు మిగతా దేశంకంటే రెండున్నర, మూడు రెట్లు ఎక్కువగా ఈ ఆపరేషన్ జరుగుతోంది. మన స్త్రీల శరీరాలు మిగతా దేశపు స్త్రీల శరీరాలకు భిన్నంగా ఏమీ లేవు కదా! 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. పేదవాడికి కార్పొరేటు ఆసుపత్రి తలుపు తెరిచిన పథకమది. ఆ తలుపు గుండానే అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు కూడా పెరిగాయన్న విమర్శ వచ్చి, తరువాతి కాలంలో పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది.

ఈ ఆపరేషనే తప్పని మా మాటలకు అర్థం తీయకండి. క్యాన్సర్‌లో, మందులకు లొంగని రక్తస్రావంలో అది ప్రాణం నిలిపే చికిత్స. వనపర్తి పెద్దాయన భార్యకు ఆ ఆపరేషన్ ఎనిమిది నెలల ముందే జరగవలసింది. ఒకరికి తొందరపడి చేయబోయారు, ఒకరికి ఆలస్యమైపోయింది. ఇద్దరి విషయంలోనూ లోపించినది మరోచోట అడగడమే. ఒకామెను మొదటి వైద్యుడి దగ్గరికే పంపలేదు, రెండో ఆమెను రెండో వైద్యుడి దగ్గరికి వెళ్లనివ్వకుండా ఇల్లంతా ఆపబోయింది.

ఎందుకు ఆపుతారు? మేము విన్న కారణాలు రెండు. మొదటిది, 'అల్లాహ్ మీద భరోసా పెట్టుకున్నవాళ్లు పదిమంది డాక్టర్ల చుట్టూ తిరగరు.' రెండోది, 'ఆ డాక్టరును నమ్మి వెళ్లాం, ఇంకొకరి దగ్గరికి పోతే బద్‌గుమానీ అవుతుంది.'

మొదటిదానికి ధర్మశాస్త్రంలో జవాబు ఎప్పుడో ఉంది. ముదిమి తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ద్వారా అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. అయితే ఎవరి దగ్గర చికిత్స? దీనికి ఇమామ్ మాలిక్ (రహ్మ) మువత్తాలో జైద్ బిన్ అస్లమ్ (రహ్మ) ద్వారా వచ్చిన ఒక సంఘటన చూడండి. దైవప్రవక్త (స) కాలంలో ఒకతనికి గాయమై రక్తం గడ్డకట్టింది. అతను బనూ అన్మార్ తెగవారిని ఇద్దరిని పిలిపించుకున్నాడు. ఇద్దరూ వచ్చి చూశారు. అప్పుడు ఆయన (స) వాళ్లను అడిగినది, వైద్యం మీ ఇద్దరిలో ఎవరికి బాగా తెలుసు అని! ఇది ముర్సల్ రివాయత్ అని హదీసు పండితులు అంటారు. అది మాకు తెలుసు, దీన్నుంచి మేము ఫర్జ్, వాజిబ్ ఏమీ తీయడం లేదు. కాని ఇద్దరిని పిలవడం తవక్కుల్‌కు విరుద్ధమైతే, ఎవరు మేలైనవారని అడగడం వైద్యుణ్ణి అవమానించడమైతే, ఆ ప్రశ్న ఆ నోట వచ్చేది కాదు.

బద్‌గుమానీ విషయం ఇంకాస్త నిదానంగా ఆలోచించాలి. అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో అల్లాహ్ అతిగా అనుమానించడాన్ని నిషేధించాడు. డాక్టర్ల మాట వచ్చినప్పుడు అదే సూరా 6వ ఆయత్‌ను, అంటే వార్తను నిర్ధారించుకోమన్న ఆయత్‌ను, కొందరు వక్తలు చదువుతుంటారు. మేము ఆ పని చేయము. అది ఫాసిఖ్ తెచ్చిన వార్త గురించి. వైద్యుణ్ణి ఫాసిఖ్ లెక్కలో వేస్తే అదే బద్‌గుమానీ. విషయం వేరే ఉంది. అల్లాహ్ ఇచ్చిన అవయవాన్ని అవసరం లేకుండా కోసి తీసేయడం మన షరీఅత్‌లో జాయిజ్ కాదు. అవసరమైతే జాయిజ్, కొన్నిసార్లు తప్పనిసరి కూడా. అవసరం ఉందో లేదో తేలాలి కదా! ఫుఖహా దీనికి జన్నె గాలిబ్ అన్నారు, అంటే మనసు ఒకవైపు గట్టిగా మొగ్గేంత బలమైన అభిప్రాయం, అదీ నిపుణుడైన వైద్యుని మాట ఆధారంగా. పది నిమిషాల పరీక్ష, ఒక స్కానింగ్ కాగితం, 'సోమవారం రండి' అన్న మాట ఆ స్థాయికి చేరుతాయా? మొదటి డాక్టరు నిజాయితీపరుడే కావచ్చు, మనుషుల్లో చాలామంది నిజాయితీపరులే. నిజాయితీపరుడు కూడా పొరబడతాడు. రోగిని మరొకరు చూడడం అతని నీయతు మీద తీర్పు కాదు. మా ఫతువానే మరో ముఫ్తీకి చూపించుకుంటే మేము నొచ్చుకోము. (నొచ్చుకునే ముఫ్తీలు లేరని మాత్రం చెప్పలేము!)

ఇక హయా సంగతి. అన్సార్ స్త్రీలు ధర్మం నేర్చుకోవడానికి సిగ్గును అడ్డం రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. అబూ దావూద్, తిర్మిజీలలోని మరో హదీసు చూడండి. హజ్రత్ హమ్నా బిన్తె జహష్ (రజి) తన సోదరి ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ (రజి) ఇంట్లో దైవప్రవక్త (స)ను కలిసి, తనకు విపరీతంగా రక్తం పోతోందని చెప్పుకున్నారు. ఆయన (స) దూది పెట్టుకోమన్నారు. అంతకంటే ఎక్కువ పోతోందని ఆమె అన్నారు. అయితే గుడ్డ పెట్టుకోమన్నారు. దానికీ ఆగేది కాదని, ధారగా పోతోందని ఆమె మళ్లీ చెప్పారు. చెప్పిన జవాబు తన బాధకు సరిపోలేదని ఒక స్త్రీ రెండుసార్లు అన్నది, అదీ ఎవరితో! ఆమెను మాట్లాడవద్దని ఆపలేదు. ఆ తరువాత ఆమెకు తగిన మార్గం వివరంగా చెప్పారు. మన ఇళ్లలో డాక్టరు ముందు కూర్చున్న స్త్రీ ఒకసారి చెప్పడమే కష్టం. ఎంత రక్తం, ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా అన్నది పక్కన కూర్చున్న భర్తో అత్తో చెబుతారు. వాళ్లు చూసింది ఏముంది?

లేడీ డాక్టరు దొరికితే ఆమె దగ్గరికే వెళ్లాలి. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ ఇదే వరుస చెప్పింది: ముందు ముస్లిం వైద్యురాలు, లేకుంటే ముస్లిమేతర వైద్యురాలు, ఆ తరువాత ముస్లిం వైద్యుడు, ఎవరూ లేకుంటే ముస్లిమేతర వైద్యుడు. అవసరమైన మేరకే చూడాలి, ఏకాంతం ఉండకూడదు. దీన్లో నాలుగో మెట్టు ఉన్నది ఎందుకో గమనించండి. ఎవరూ దొరకలేదని పరీక్ష మానుకోవద్దనే.

నిర్ణయం ఎవరిది? 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల స్త్రీ తొమ్మిది రోజులుగా ఆగని రక్తస్రావంతో ఒక వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. లోపల ఏముందో చూసే పరీక్షకు ఆమె ఒప్పుకున్నారు. మత్తులో ఉండగానే, బయట ఉన్న తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు, తెలివి గల వయోజన స్త్రీ తరఫున తల్లి సమ్మతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి అవయవం తీసేయడానికి సమ్మతి కాదని తీర్పు చెప్పింది. భర్తలైన సోదరులు ఈ కేసును తమ ఇంటి సంగతిగా చదవాలి. భార్య వైద్యం కోసం ఖర్చు పెట్టడం, వెంట వెళ్లడం, పిల్లల్ని చూసుకోవడం మన బాధ్యత. ఆమె శరీరం అల్లాహ్ ఆమెకు అప్పగించిన అమానత్. 'పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు' అనే మాట మనది కాదు. పైగా గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పైల్లోనే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒంట్లో సెగలు, ఎముకల బలహీనత, గుండెజబ్బు ముప్పు వస్తాయి. ఆ బాధ ముప్పై ఏళ్లు ఆమే పడాలి.

ఆచరణలో ఎలా? స్కానింగ్ రిపోర్టు, రక్తపరీక్షలు, చీటీలు అన్నీ అడిగి తీసుకోండి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళే చెబుతోంది. మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది. వీలైనంతవరకు మొదటి ఆసుపత్రితో సంబంధం లేని చోటికి వెళ్లండి. నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో అంతకు ముందునుంచే ఉంది. వెనకటిలా ప్రతిదానికీ హైదరాబాదు బస్సు ఎక్కనక్కరలేదు. ఆ డాక్టరును సూటిగా అడగండి: నా రోగం పేరేమిటి? తీసేయకుండా మందులతో ఆగుతుందా? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? అండాశయాలు కూడా తీస్తారా, ఎందుకు? నమూనా తీసి పరీక్షకు పంపారా?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. రెండో అభిప్రాయం పేరుతో రోజులు గడపకూడదు. ఇద్దరు వైద్యులు క్యాన్సర్ అన్నాక, తమకు నచ్చిన మాట చెప్పే మూడోవాడి కోసం, నాలుగోవాడి కోసం తిరిగిన కుటుంబాలు మాకు తెలుసు. చివరికి నాటువైద్యం దగ్గరో తావీజు దగ్గరో ఆగుతారు. దుఆ, రుఖియా చేసుకోండి, అవి సున్నత్. వాటి వెంట బయాప్సీ రిపోర్టు కూడా తెచ్చుకోండి. ఇస్తిఖారా కూడా అంతే. అది నిర్ణయంలో అల్లాహ్ మేలు కోరుకునే నమాజ్, రోగాన్ని గుర్తించే పరీక్ష కాదు. ఒకసారి గాయం ఉన్న మనిషికి గుస్ల్ తప్పదని తోటివాళ్లు తెలియకుండానే చెప్పారు. అతను గుస్ల్ చేసి చనిపోయాడు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించినట్టు హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా అబూ దావూద్‌లో ఉంది. ఆ హదీసును మేము విద్యార్థులకు ఎన్నోసార్లు పాఠంగా చెప్పాము. వనపర్తి పెద్దాయన మళ్లీ వచ్చి వెళ్లాక గాని అది మాకూ వర్తిస్తుందని తోచలేదు.

పేద కుటుంబాలకు చీటీ డబ్బులకంటే దారిఖర్చు, ఒక రోజు కూలి పోవడమే భారం. మస్జిద్ కమిటీలు జకాత్ నుంచి అర్హులకు ఆ ఖర్చు ఇవ్వవచ్చు. పేరు బయటపెట్టకుండా ఇవ్వాలి.

ఇప్పుడు ఇలాంటి మస్‌అలా ఎవరు అడిగినా, మేము నమాజ్ సంగతి చెప్పి, వెంటనే వయసు, ఎన్ని రోజులు, డాక్టరు ఏమన్నారు అని అడుగుతున్నాము. మొన్నటి రంజాన్‌లో నాగర్‌కర్నూల్ నుంచి ఒక చెల్లెలు వాళ్ల అమ్మీ చేత ఫోన్ చేయించింది. ఆపరేషన్ చెప్పారట, మరోచోట చూపించాలని ఉందట. "కాని ఆ డాక్టరమ్మ మా పిల్లల కాన్పులు చేసిన మనిషి మౌలానా, వేరేచోటికి పోతే నొచ్చుకుంటుందేమో" అన్నారు. దాచిపెట్టి వెళ్లకండి, ఆమెనే అడగండి అన్నాము. మూడు రోజుల తరువాత మళ్లీ ఫోన్ వచ్చింది. ఆ డాక్టరమ్మే ఉత్తరం రాసి, ఎవరికి చూపించాలో పేరు కూడా చెప్పి పంపిందట.